తెగడ: ఒక యడవితీగయు దాని పేళ్లును

నిఘంటువులలో చెట్టుచేమల పేళ్లకు అర్థము వెదకువారికి ‘వృక్షవిశేషము’, ‘లతావిశేషము’, ‘ఒకానొక యోషధి’ యను సమాధానములు తఱచుగా లభించును. అవి అసత్యములు కావు. కాని వానివలన తెలియునదియు స్వల్పమే. సంస్కృతపదమునకు తెలుగుపదమును, తెలుగుపదమునకు సంస్కృతపదమును పర్యాయముగ నిచ్చినంతమాత్రమున చదువరి మనస్సులో ఆ వస్తువు రూపు కట్టదు. తెగడ యను మాట ఇందుకు మంచి ఉదాహరణము. తెగడ యనగా త్రివృత్తు అందురు. త్రివృత్తు అనగా నేమని యడిగినచో తెగడ యందురు. వైద్యగ్రంథములతో పరిచయమున్నవారందఱు ఈ పేరు నెఱుగుదురు. మందుదినుసుల అంగడిలో దాని యెండువేళ్లను చూచినవారును కొందఱుందురు. కంచెమీద అల్లుకొనిన తీగను చూపి ‘ఇదియే తెగడ’ యని చెప్పగలవారు మాత్రము మిక్కిలి యరుదు. ముందుగా ఆ తీగను చూచి, పిదప దాని పేళ్లను పరిశీలించినయెడల భాషాచరిత్రకు సంబంధించిన విషయములు కొన్ని తేటపడును. వైద్యగ్రంథముల పరిష్కర్తలను, అనువాదకులను చిరకాలముగ బాధించుచున్న యొక చిక్కుముడి ఎక్కడ బిగిసినదో కూడ తెలియును.

తెగడ తూటికూర కుటుంబమునకు చెందిన మొక్క. వృక్షశాస్త్రజ్ఞులు కన్వాల్వ్యులేసీ యని పిలుచు ఈ కుటుంబమున తెలుగువారికి చిరపరిచితములైన మొక్కలు పెక్కు గలవు. చెఱువులలోని తూటికూర, పందిళ్లపై ప్రాకు కాశీరత్నము, నేల నంటిపెట్టుకొని చిన్నచిన్న నీలిపూలు పూయు విష్ణుక్రాంతము, పొలములలో పండు చిలగడదుంప—ఇవియన్నియు దాయాదులే. రేకులు విడివిడిగా నుండక యొకటిగ నతుకుకొని గరాటువలె విచ్చుట ఈ కుటుంబపు గుర్తు. వీనిలో చాలవాని పూలు ఉదయమున విచ్చి, ఎండ ముదురువేళకు వాడిపోవును. అందుచేతనే ఆంగ్లేయులు వీనికి మార్నింగ్ గ్లోరీ యని పేరు పెట్టిరి. తెలుగున ఇట్టి సామూహికనామము లేదు. ఉపయోగమును బట్టియో, రూపును బట్టియో మనవారు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టుకొనిరి గాని అన్నిటిని ఒక గాట కట్టలేదు. ఇది లోప మనుటకు వీలులేదు. కూరకు పనికివచ్చుదానిని, పూజకు పనికివచ్చుదానిని, మందుకు పనికివచ్చుదానిని వేఱువేఱుగ చూచుట వ్యవహారమున సహజము.

తెగడ బహువార్షికలత. తూర్పు ఆఫ్రికా మొదలుకొని భారతదేశము, సింహళము, ఆగ్నేయాసియాల మీదుగ ఉత్తర ఆస్ట్రేలియావఱకును, పసిఫిక్ దీవులవఱకును ఇది వ్యాపించియున్నది. మన దేశమున సముద్రమట్టమునుండి సుమారు 900 మీటర్ల యెత్తువఱకు పొదలలోను, కంచెలమీదను, ఏటిగట్లను పెరుగును. వ్యాప్తి ఇంత విశాలమైనను ఒకచోట విరివిగ కనబడు మొక్క కాదు. దాని వేరు లావై, కండపట్టి, నేలలోనికి లోతుగ దిగి శాఖలుగ చీలును. కాడను త్రుంచినను, వేరును కోసినను పాలు కాఱును.

దీని ముఖ్యలక్షణము కాడలో నున్నది. లేతకాడను రెండువ్రేళ్లనడుమ నుంచి త్రిప్పిచూచినచో అది గుండ్రముగ లేదని వెంటనే తెలియును. దాని పొడవునను మూడు కోణములు, ఒక్కొక్కచో నాలుగైదు కోణములు, ఉండును. ఆ కోణముల యంచులు పలుచని ఱెక్కలవలె వెలికి సాగియుండును. తీగ ఆధారమును చుట్టుకొనుచు పైకి ప్రాకునప్పుడు ఈ ఱెక్కలును దానితోపాటు మెలితిరుగును. ముదిరినకొలది కాడ గోధుమవన్నెకు తిరిగి కొయ్యబాఱును. ఆకులు సాధారణముగ 5 మొదలు 15 సెంటీమీటర్ల పొడవుండును. కాని వాని రూపును నమ్మరాదు. ఒకే తీగమీద హృదయాకారమున ఒకటి, మొదలు నిలువుగ కోసినట్లు మఱియొకటి కనబడును. ఆకునుబట్టి తెగడను గుర్తింపబోయి పొరపడినవా రెందఱో యుండవచ్చును.

వానలు వెనుకబట్టిన పిమ్మట శీతకాలమున ఇది పూయును. మొగ్గలను దోనెవంటి పెద్దయాకులు కప్పియుండి, పూవు విచ్చులోపల రాలిపోవును. పూవు తెలుపు, 3 మొదలు 4 సెంటీమీటర్ల కొలతకు మించునదే గాని అంతకంటె చాల పెద్దది కాదు. లోపలి కేసరములను గమనించినచో ఒక వింత కనబడును. పుప్పొడితిత్తులు పగిలిన పిదప పురిపెట్టిన త్రాటివలె మెలిక పడును. పుప్పొడిరేణువులు సూక్ష్మదర్శినిక్రింద నునుపుగ నుండును. తూటికూర, చిలగడదుంప మొదలగు ఐపోమియా ప్రజాతిమొక్కల పుప్పొడి యట్లు కాదు, దానికి ముండ్లుండును. హాలియర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1893లో ఈ భేదము నాధారముగ గొని కుటుంబము నంతటిని ముండ్లపుప్పొడి వర్గము, నున్నని పుప్పొడి వర్గము అని రెండుగ విభజించెను. తెగడ రెండవవర్గమున పడినది. అనగా చూపునకు చిలగడదుంపకు దగ్గఱ చుట్టమువలె నున్నను, వంశవృక్షమున మఱియొక కొమ్మకు చెందినది.

ఇక కాయ. పూవు రాలిన తరువాత రక్షకపత్రములు ఎండిపోక, పెరిగి, దళసరియై కాయను గిన్నెలో నుంచినట్లు పొదివికొనును. కాయ రమారమి ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పున, పైభాగము కొంచెము అణగినట్లుండును. పండి యెండినప్పుడు అది నిలువున చీలదు. పైభాగము కుంకుమభరిణె మూతవలె చుట్టును తెగి యూడిపోవును. లోపల నొక పలుచనిపొర, దానివెనుక నున్నని నల్లగింజలు నాలుగింటికి మించక యుండును. ఆంటోనియో లూయిస్ పాట్రీసియో డ సిల్వా మాన్సో యను బ్రెజిల్ దేశీయుడు 1836లో తన దేశపు విరేచనద్రవ్యములనుగూర్చి ప్రకటించిన గ్రంథమున, ఈ మూతనుబట్టియే ఆపర్క్యులినా యను ప్రజాతిని కల్పించెను. లాటినుభాషలో ఆపర్క్యులమ్ అనగా మూత. అంతకుముందు లిన్నేయస్ 1753లో దీనిని కన్వాల్వ్యులస్ టర్పీథమ్ అనియు, రాబర్ట్ బ్రౌన్ 1810లో ఐపోమియా టర్పీథమ్ అనియు వ్యవహరించిరి. భారతీయవృక్షసంపదనుగూర్చి హుకర్ వెలువరించిన బృహద్గ్రంథపు నాల్గవసంపుటమున (1883) క్లార్క్ ఐపోమియా నామమునే నిలిపెను. నేటి స్వీకృతనామము ఆపర్క్యులినా టర్పీథమ్. ఇంటిపేరు మాఱుచు వచ్చినను టర్పీథమ్ అను రెండవభాగము మాఱలేదు. భాషాశాస్త్రజ్ఞునకు ఆసక్తికరమైనది ఆ రెండవభాగమే.

సంస్కృతమున ఈ లతకు అమరకోశమే యొక చిన్న పట్టిక నిచ్చుచున్నది: సర్వానుభూతి, సరళ, త్రిపుట, త్రివృత, త్రివృత్తు, త్రిభండి, రోచని. వీనిలో నాలుగుపేళ్లు ‘మూడు’తో ఆరంభమగుట యాదృచ్ఛికము కాదు. మూడనునది మొక్కలో నెక్కడ నున్నదని వెదకవలెను. కాయలో రెండుగదులే గాని మూడు లేవు. ఆకు త్రిదళము కాదు. పూవున భాగము లయిదు. మూడుగ కనబడునది లేతకాడ యొక్కటే. త్రివృత్తనగా మూడుమెలికలు గలది, త్రిపుట యనగా మూడుమడతలు గలది. మెలితిరిగిన మూడుఱెక్కల కాడను చేతపట్టి చూచినవాడే ఈ పేళ్లు పెట్టియుండవలెను. వేదవాఙ్మయమున త్రివృత్తనునది యొక స్తోమమునకు పేరు. ఆ మాట ఈ లతకు సంబంధించినది కాదు. కేవలము అక్షరసామ్యమునుబట్టి తెగడకు వైదికప్రాచీనతను కట్టబెట్టు ప్రలోభమునకు లోనుగాకుండుట మంచిది.

ఈ సంస్కృతపదమే పశ్చిమమునకు పయనించినది. పారసీకమున తుర్బుద్, అరబ్బీలో తుర్బిద్ అను రూపములు దానివే. త్రిపుట, త్రివృత్తు—రెండింటిలో మూలమేదైనను త, ర, పకార వకారములలో నొకటి, చివర ట-త వర్ణములలో నొకటి యను హల్లుల చట్రము చెక్కుచెదరక నిలిచినది. 1037లో మరణించిన ఇబ్న్‌సీనా తన వైద్యగ్రంథమున ఈ వేరును వర్ణించెను. అరబ్బీనుండి లాటినులోనికి పోయి అది టర్పీథమ్ ఐనది. గోవాలో వైద్యము చేయుచుండిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చటనే ముద్రించిన సంభాషణరూపగ్రంథమున టర్బిత్‌నుగూర్చి ప్రత్యేకముగ నొక ప్రకరణము వ్రాసెను. ఐరోపాలో ఈ వేరు విరేచనౌషధముగ నెంత ప్రసిద్ధికెక్కినదనగా, అదే గుణముగల పసుపుపచ్చని పాదరసలవణ మొకదానికి రసవాదులు ఖనిజటర్పీథ్ అని పేరు పెట్టిరి. ఒక తీగకాడ మూడుపలకలుగ నుండుటవలన పుట్టిన మాట తీగయే లేని పాదరసమున కంటుకొనినది! ఆ పేరునే 18వ శతాబ్దమున లిన్నేయస్ తిరిగి తీగకు పెట్టెను. నేటికిని మన నగరములలో ఒకే యంగడిలో ఒకే వేరును హకీము తుర్బుద్ అనియు, వైద్యుడు త్రివృత్తు అనియు అడుగుచుండగా వర్తకుడు నిసోత్ అని చిట్టాలో వ్రాసికొనును. మొదటి రెండును ఒకే తల్లిబిడ్డలని ఆ మువ్వురిలో నెవ్వరికిని తోచకపోవచ్చును.

తెలుగుపేరు కూడ ఈ కుటుంబమునకు చెందినదేనా? తెలుగున తెగడు అను క్రియ యొకటి యున్నది. నిందించుట యని దాని యర్థము. పొగడుట, తెగడుట యని జంటగ వాడుదుము. చెట్లలో పొగడయు నున్నది, తీగలలో తెగడయు నున్నది. పొగడపూవు పొగడదగినది గనుక పొగడ యనియు, విరేచనకారి తెగడదగినది గనుక తెగడ యనియు చెప్పుకొనుట చమత్కారముగ నుండును. కాని చమత్కారము వ్యుత్పత్తి కాదు. ప్రాకృతమున పదమధ్యమందలి పకారము వకారమగును, టకారము డకారమగును. కావున త్రిపుట తివుడ కావలెను. ఋకారము ఉకారమై, తరువాతి తకారము డకారమగుటకు సంవృత–సంవుడ యను జైనప్రాకృతరూపము సాక్షి. కావున త్రివృతయు తివుడయే కావలెను. రెండు త్రోవలును ఒక్కచోటికే చేరుచున్నవి. వంగభాషలోని తేఉడి యీ రూపమునకు మిక్కిలి సన్నిహితము.

తివుడనుండి తెగడకు చేరుటకు రెండుమెట్లు చాలును. ఒకటి వకారగకారముల వినిమయము. ఇది తెలుగున నూతనము కాదు: తీవ–తీగ, చేవ–చేగ, పవడము–పగడము అనుజంటలు అందఱెఱిగినవే. ‘తీగ’ యను మాటయే ఈ మార్పునకు లక్ష్యమగుట విశేషము. రెండవది ఇకారము ఎకారమగుట. తరువాతి యక్షరమున అకారమున్నప్పుడు తమిళమున ఇకారమున్నచోట తెలుగున ఎకారము కనబడును: తమిళమున నిలం, తెలుగున నేల కాక నెల వును గల ‘నెలవు’ మొదలగు వివాదాస్పదములను విడిచినను, విలై–వెల యను జంట యొక్కటియే చాలును. నడిమి ఉకారము అకారమగుటకు పొరుగచ్చుల ప్రభావము కారణము కావచ్చును. కన్నడమున తిగడె యని ఇకారము నిలిచియున్నది. కావున కన్నడపదము తెలుగునుండి పోయినది కాదనియు, రెండుభాషలును ప్రాకృతరూపమును వేఱువేఱుగ గ్రహించినవనియు భావించుట యుక్తము. తెగడ దేశ్యమని చెప్పుటకంటె తద్భవమని చెప్పుటకే ఆధారము లధికముగ నున్నవి.

ఇతరభాషలు మఱికొన్ని లక్షణములను పట్టుకొనినవి. వంగభాషలో తేఉడితోపాటు దూధ్‌కల్మీ యను పేరును గలదు. కల్మీ యనగా తూటికూర. కావున ఇది ‘పాలతూటి’. పాలుకాఱు స్వభావమును, కుటుంబసామ్యమును ఈ యొక్కమాట చెప్పుచున్నది. శాస్త్రజ్ఞుల వర్గీకరణము పుట్టకముందే పల్లెవాసి చేసిన వర్గీకరణ మిది. మలయాళమున త్రికోల్పక్కొన్న యందురు. కొన్న యనగా రేల. రేల చెట్టు, తెగడ తీగ. రూపమున పోలికయే లేదు. రెండును విరేచనద్రవ్యములగుటయే ఈ పేరునకు కారణమై యుండును. హిందీలో నిసోత్, మరాఠీలో నిసోత్తర, గుజరాతీలో నసోతర్ అనునవి వేఱొక శాఖ.

ఇక అసలు చిక్కు. చరకసంహిత కల్పస్థానమున ఏడవ యధ్యాయము శ్యామాత్రివృత్కల్పము. సూత్రస్థానమున, సుఖముగ విరేచనము కలిగించువానిలో త్రివృత్తు శ్రేష్ఠమని చెప్పబడినది. కల్పస్థానమున దాని వేరు రెండువిధములని వివరింపబడినది: అరుణవర్ణము గలది, శ్యామవర్ణము గలది. అరుణము మేలైనది, సుకుమారులకు, శిశువులకు, వృద్ధులకు, మృదుకోష్ఠులకు హితము. శ్యామము తీవ్రమైనది, త్వరగా పనిచేయునది, మోహము మొదలగు బాధలను కలిగింపగలది. అనగా భేదము వర్ణమునకు సంబంధించినది మాత్రమే కాదు. పసిబిడ్డ కీయదగినదేది, ఈయరానిదేది యను ప్రశ్న యిందు ఇమిడియున్నది.

తరువాతి కాలమున 16వ శతాబ్దపు భావప్రకాశము మొదలగు గ్రంథములు శ్వేత, శ్యామ యని విభజించినవి. చరకుని అరుణము శ్వేతముగ నెట్లు మాఱినది? చరకుడు చెప్పినది వేరు రంగు. శ్వేతమనునది పూవు రంగునుబట్టి వచ్చియుండవచ్చును. తెగడపూవు తెల్లనిదే గదా. పూవు గుర్తు వేరునకు అంటగట్టబడినప్పుడు, అంగడిలో నిజముగ తెల్లనివేరుకొఱకు వెదకులాట ఆరంభమగుట సహజము. తెలుగులోని తెల్లతెగడ, నల్లతెగడ యను విభాగము ఈ యుత్తరకాలపు సంప్రదాయము ననుసరించినదే గాని చరకుని ననుసరించినది కాదు. ఉత్తరభారతపు అంగళ్లలో సఫేద్ నిసోత్ పేరిట అమ్ముడుపోవుచు వచ్చిన సరకులో మార్స్‌డీనియా టెనాసిస్సిమా యను తీగముక్కలు కలవని ఔషధద్రవ్యపరిశోధకులు గుర్తించిరి. అది జిల్లేడు కుటుంబపు మొక్క. తెగడతో దానికి గల సంబంధమెల్ల పాలుకాఱుటయు, తీగయగుటయు మాత్రమే. ‘తెల్ల’ యను విశేషణము ఈ మోసమునకు కొంత తోడ్పడినదనుకొనుట అనుచితము కాదు.

నల్లతెగడ విషయము ఇంకను క్లిష్టము. అది తెగడయందే నల్లనివేరు గల భేదమని కొందఱును, ఆపర్క్యులినా పెటలాయిడియా యను వేఱొకజాతి యని కొందఱును చెప్పుదురు. శ్యామా శబ్దము ఈ సందేహమును పెంచుచున్నది. అమరుడు ఆ పేరును ప్రియంగువునకును, శారిబకును కూడ చెప్పెను. శారిబ యనగా మన సుగంధిపాల. కావున వైద్యగ్రంథమున శ్యామా యని కనబడినంతనే నల్లతెగడ యని తెనిగించుట సాహసము. ప్రక్కన త్రివృత్తున్నదా, ప్రకరణము విరేచనమునకు సంబంధించినదా యని చూచియే నిర్ణయింపవలెను. ఇట్టి చిక్కు తెగడకు మాత్రమే పరిమితము కాదు. నేలగుమ్మడి యను తెలుగుపేరు చిక్కుడు కుటుంబపు ప్యురేరియా ట్యూబరోజాకును, తూటికూర కుటుంబపు ఐపోమియా మారిషియానాకును సమానముగ చెల్లుచున్నది. విదారి యనునది ఆ రెండింటిలో నేదియను వాదము నేటికిని తీఱలేదు.

వేరును సేకరించు విధమును చరకుడు చెప్పిన తీరు గమనింపదగినది. లోతుగ దిగినదియు, నునుపైనదియు, అడ్డముగ ప్రాకనిదియు నగు వేరును గ్రహించి, చీల్చి, లోని గర్భమును తీసివైచి, పైచర్మమును ఎండబెట్టవలెనట. విరేచనకారియగు జిగురుపదార్థము వేరు పైబెరడులో హెచ్చుగ నుండునని ఆధునికపరీక్షలు చూపుచున్నవి. దానికి టర్పీథిన్ అని పేరు. మెక్సికోనుండి వచ్చు జాలాప్ అను వేరు ఇదే కుటుంబమునకు చెందినది, ఇదే పనిచేయునది యగుటచే ఆంగ్లవైద్యులు తెగడను ఇండియన్ జాలాప్ అనిరి. అవిపత్తికరచూర్ణమున తెగడ నేటికిని ప్రధానద్రవ్యము. కాని లోతుగ దిగిన వేరును త్రవ్వితీసిన తరువాత తీగ మిగులదు. ఆకుకో, కాయకో పనికివచ్చు మొక్క కోతను తట్టుకొనును. వేరుకు పనికివచ్చు మొక్కకు ఆ యవకాశము లేదు. పేరు వాడుకలో నిలిచి వస్తువు కనుమఱుగగుటకు ఇదియొక కారణము.

తెలుగుజిల్లాల మొక్కల పేళ్లను శాస్త్రనామములతో సరిపోల్చి వాల్టర్ ఇలియట్ 1859లో మద్రాసునుండి ఫ్లోరా ఆంధ్రికా యను పట్టికను ప్రకటించెను. అటుపిమ్మట గాంబుల్ మద్రాసు రాజధానీవృక్షసంపదను వర్ణించుచు 1915 మొదలుకొని సంపుటములు వెలువరించెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుకొని నిఘంటువులలోని ‘లతావిశేషము’లను ఒక్కొక్కటిగ విప్పుట కష్టమైన పని కాదు. తెగడకు వ్రాయవలసినది నాలుగుపంక్తులే: మూడు ఱెక్కలుగల కాడ, పాలు, తెల్లనిపూవు, మూతవలె నూడు కాయ, త్రిపుట లేక త్రివృత శబ్దమునుండి ప్రాకృతముద్వారా వచ్చిన తద్భవము. నల్లతెగడకు మాత్రము ‘త్రివృద్భేదము, జాతినిర్ణయము కాలేదు’ అని వ్రాసి యూరకుండవలెను. పల్లెలలో పేళ్లను సేకరింపబోవు విద్యార్థులు మాఘమాసప్రాంతమున వెళ్లినచో ఆకులు రాలి యున్నను ఇబ్బంది లేదు. కంచెమీద ఎండిన రక్షకపత్రముల గిన్నెలు నిలిచియుండును; మూత యూడిన కాయలో నల్లగింజలు కనబడును. ఆ కాయను చూపి పేరడిగినప్పుడు వచ్చిన మాటను వ్రాసికొనవలెను గాని, తెగడ యని ముందుగ చెప్పి ఔనా కాదా యని యడుగరాదు.